ఐ.పి. కాగితం తీర్చని అప్పు

(రేడియోలో ప్రసారమైన వాక్య సందేశ పాఠము)

 

ఈ దినము మనం ధ్యానించబోయే విషయం సంఘంలో ఎవరూ పైకి మాట్లాడని విషయం. ప్రార్థన మనవుల చీటీలు ప్రతి ఆదివారం నా చేతికి వస్తాయి. జ్వరాలు రాస్తారు, పెళ్లి సంబంధాలు రాస్తారు, పిల్లల పరీక్షలు రాస్తారు. అప్పు అని మాత్రం రాయరు. మరీ తప్పనప్పుడు “ఆర్థిక ఇబ్బంది” అని రాసి, పేరు రాయకుండా మడిచి ఇస్తారు.

కొంతకాలం క్రితం ఒక తమ్ముడు ఆరాధన ముగిశాక అందరూ వెళ్లేదాకా ఆగాడు. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు: “అయ్యగారూ, ఐ.పి. పెడితే పాపమా?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే, ప్రియులారా, నేను ఐ.పి. పెట్టిన ఇంట్లో పెరిగినవాడిని.

మాది పుత్తూరు. మా నాయనకు నాలుగు మరమగ్గాలు ఉండేవి. నూలు అప్పుకు తెచ్చి, గుడ్డ నేసి అమ్మి, ఆ అప్పు కట్టేవాడు. ఒక ఏడాది నూలు ధర పెరిగింది, గుడ్డకు గిరాకీ పడిపోయింది. నూలు అప్పు కట్టడానికి వడ్డీకి తెచ్చాడు. ఆ వడ్డీ కట్టడానికి చీటీ పాడాడు. చీటీ కంతు కట్టడానికి చేబదులు తెచ్చాడు. 1993లో, నేను పదో తరగతి చదువుతుండగా, ఒకరి సలహా మీద కోర్టులో ఐ.పి. పెట్టాడు.

ఐ.పి. అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. “నా అప్పులు నేను తీర్చలేను, నన్ను దివాలాదారుగా ప్రకటించండి” అని కోర్టును అడిగే కాగితం. ఆ కాగితం వెనుక అప్పిచ్చినవాళ్లందరి పేర్లు వరుసగా రాయాలి. మా నాయన జాబితాలో పద్నాలుగు పేర్లున్నాయి. మొదటి పేరు నూలు వ్యాపారిది. చివరి పేరు బస్టాండు దగ్గర పూలు కట్టి అమ్మే ఒక అవ్వది. మనవరాలి పెళ్లికని దాచుకున్న మూడు వేలు ఆమె మా నాయనను నమ్మి ఇచ్చింది. నోటు కూడా రాయించుకోలేదు. కోర్టు నోటీసు చేతికి వచ్చినప్పుడు చదవడం రాక, దాన్ని తీసుకొని మా ఇంటికే వచ్చింది. “ఇందులో ఏముంది నాయనా, చదివి చెప్పు” అని నన్నే అడిగింది.

చదివి చెప్పాను. ఆ అవ్వ తిట్టలేదు. కాసేపు గుమ్మంలో కూర్చుని లేచి వెళ్లిపోయింది. ఆ రోజు నుండి నేను బస్టాండుకు వేరే వీధి గుండా వెళ్లేవాడిని.

ప్రియులారా, నేను నా తండ్రిని దోషిగా నిలబెట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆయన మోసగాడు కాదు, మునిగిపోయినవాడు. అలాంటివారి కోసమే చట్టంలో ఒక తలుపు ఉంది. దాన్ని తెరిచేముందు లోపల ఏమున్నదో తెలుసుకోవాలి. మా ఇంట్లో అది ముందుగా ఎవరూ చెప్పలేదు గనుక ఈ దినము నేను మీకు చెబుతున్నాను.

మన ప్రాంతాల్లో ఐ.పి. వేసేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద. 2016లో దేశానికి కొత్త దివాలా చట్టం వచ్చింది గాని, అందులో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరులో కంపెనీల అప్పులకు సొంత హామీ ఇచ్చినవారికి మాత్రమే వర్తింపజేశారు. నేతగానికి, రైతుకు, చిన్న అంగడివానికి ఆ పాత చట్టమే దిక్కు.

ఆ చట్టంలో దయ ఉంది. దివాలా ప్రకటించాక అప్పిచ్చినవాళ్లు ఎవరికి వారు మీద పడి గుంజుకోవడానికి వీల్లేదు. వంటపాత్రలు, కట్టుబట్టలు, పనివాని పనిముట్లు, ఆచారం ప్రకారం స్త్రీ తీయకూడని ఆభరణాలు జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను చెబుతుంది, ఐ.పి.లో కూడా అవి మినహాయింపే. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం తీసి చూడండి. తిరుగటి రాయిని తాకట్టు పట్టకూడదని మోషే ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించాడు. ఒకని అన్నం పుట్టే పనిముట్టును తీసుకుంటే వాని ప్రాణాన్నే తీసుకున్నట్టు. పేదరికం నేరం కాదని, చేతిలో డబ్బు లేనివాణ్ణి కేవలం అప్పు కట్టలేదని జైలులో వేయకూడదని మన సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో తీర్పు చెప్పింది. ఇవన్నీ మంచివే.

కాని ఆ తలుపు వెనుక మరికొన్ని ఉన్నాయి, వినండి.

మొదటిది, దివాలా ప్రకటించగానే మినహాయింపు ఉన్నవి తప్ప మీ ఆస్తి అంతా కోర్టు చేతికి, లేదా కోర్టు పెట్టిన రిసీవరు చేతికి పోతుంది. తాకట్టు పెట్టుకున్నవాడు మాత్రం తన తాకట్టును తాను అమ్ముకోవచ్చు, వానికి ఐ.పి. అడ్డం రాదు.

రెండవది, దివాలా ప్రకటనతోనే అప్పు రద్దు కాదు. కోర్టు ఇచ్చిన గడువులో డిశ్చార్జి కోసం మళ్లీ దరఖాస్తు చేయాలి. చేయకపోతే ప్రకటనే రద్దయిపోతుంది. చేసినా పూర్తి విముక్తి తప్పక వస్తుందని లేదు. మీ ఆస్తి మీ అప్పుల్లో సగానికైనా, చట్టం మాటల్లో రూపాయికి ఎనిమిది అణాలకైనా సరిపోకపోతే, అందులో మీ తప్పు లేదని మీరే చూపించాలి. జూదం వల్లనో, దుబారా వల్లనో మునిగితే కోర్టు పూర్తి విముక్తి ఇవ్వదు.

మూడవది, ప్రభుత్వానికి కట్టవలసింది పోదు. మోసంతో తెచ్చిన అప్పు పోదు. భార్యాబిడ్డల పోషణకు కోర్టు ఆజ్ఞ ఉంటే అది పోదు.

నాల్గవది, “ముందు పొలం భార్య పేర పెట్టి, తరువాత ఐ.పి. పెట్టు” అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊరిలో ఉన్నారు. రెండేళ్ల లోపల ప్రతిఫలం లేకుండా రాసిచ్చిన ఆస్తి బదిలీని కోర్టు కొట్టివేయగలదు. ఆస్తి దాచి దొంగలెక్క చూపితే ఏడాది దాకా జైలు. దివాలాదారు ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు గాని అంతకు మించి గాని కొత్త అప్పు తెచ్చినా శిక్ష ఉంది. విముక్తి పొందని దివాలాదారు శాసనసభకు, పార్లమెంటుకు పోటీ చేయలేడు.

ఐదవది, మా ఇంటిని కాల్చింది ఇదే. మీకు విముక్తి వచ్చినా మీకు జామీను పడినవానికి రాదు. మా నాయన బ్యాంకు అప్పుకు మా మేనమామ జామీను పడ్డాడు. నాయన ఐ.పి. పెట్టగానే బ్యాంకువాళ్లు మామ ఇంటికి వెళ్లారు. నారాయణవనం దారిలో మామకు ఒక ఎకరా మామిడితోపు ఉండేది. దాన్ని అమ్మి కట్టాడు. ఆరేళ్లు మా గడప తొక్కలేదు. మా అమ్మ ప్రతి క్రిస్మసుకు అన్న వస్తాడని వాకిలి వైపు చూసేది.

అన్యుని కోసం జామీను పడవద్దని, పడితే నిద్రపోకుండా వెళ్లి విడిపించుకోమని సామెతల గ్రంథం 6వ అధ్యాయం అంత గట్టిగా ఎందుకు చెప్పిందో మాకు అప్పుడు అర్థమైంది. ఐ.పి. కాగితం మీద సంతకం ఒకరిదే. దాని బరువు మాత్రం మమ్మల్ని నమ్మినవాళ్లందరి మీద పడింది.

అయితే అప్పులో ఉన్నవారికి దారి ఏది? రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయానికి రండి. ప్రవక్తల శిష్యులలో ఒకడు చనిపోయాడు. దైవభక్తుడే, కాని అప్పు మిగిల్చి పోయాడు. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఆ విధవరాలు ఏం చేసింది? ఎలీషా దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పుకున్నది. ఎలీషా ఆమెను తిట్టలేదు, నీ భర్త ఎందుకు చేశాడని అడగలేదు. ఇంట్లో ఏముందో చెప్పమన్నాడు. నూనె కుండ ఒక్కటే ఉంది. ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు ఎరువు తెచ్చుకోమన్నాడు. నూనె నిండిన తరువాత వరుస గమనించండి. ముందు నూనె అమ్మాలి, తరువాత అప్పు తీర్చాలి, మిగిలినదానితో ఆమె, పిల్లలు బ్రతకాలి. దేవుడు అద్భుతం చేశాడు గాని అప్పిచ్చినవాణ్ణి మాయం చేయలేదు. అప్పు తీరేలా చేశాడు.

మన పుత్తూరు పేరు చెప్పగానే దూరప్రాంతాలవాళ్లకు గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. ఎముక విరిగినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. తువ్వాలు చుట్టుకొని, ముట్టుకోనివ్వకుండా వస్తారు. కట్టు కట్టేవాడు ముందు ఆ తువ్వాలు విప్పమంటాడు. చేత్తో తడిమి, నొప్పి పెట్టినా సరే ఎముకను వరుసకు తెస్తాడు. ఆ తరువాతే వెదురుబద్దలు పెట్టి కడతాడు. ఆపైన కొన్ని వారాలు ఓపిక పట్టాలి. అప్పు విషయంలోనూ చేయవలసినది అదే. విప్పి చూపాలి, వరుసకు తేవాలి, కట్టు కట్టాలి, ఓపిక పట్టాలి. ఐ.పి. అంటే చెయ్యి తీసివేయడం లాంటిది. ప్రాణం దక్కడానికి అది తప్పని సందర్భాలు ఉంటాయి. కాని కట్టుతో అతికే చేతిని ఎవరైనా తీయించుకుంటారా?

విప్పి చూపడం అంటే ఏమిటి? ఈ రాత్రి భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒక నోటుబుక్కులో అన్నీ రాయండి. ఎవరికి, అసలు ఎంత, వడ్డీ ఎంత, నోటు తేదీ ఏది, జామీను ఎవరు, తాకట్టు ఏమిటి. భార్యకు తెలియని అప్పు, భర్తకు తెలియని చీటీ ఒక్కటి కూడా మిగలనివ్వకండి. వడ్డీని ఏడాది లెక్కన రాయండి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నది. లక్షకు ఏడాదికి 36 వేలు. మూడేళ్లు నిండకముందే అసలంత వడ్డీ అవుతుంది. పది రూపాయల వడ్డీ అయితే పది నెలలే. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు మూడున్నర శాతం వేస్తే ఏడాదికి 42 శాతం.

వరుసకు తేవడం అంటే, ముందుగా అప్పు తీర్చడానికి కొత్త అప్పు తేవడం మానాలి. ముఖ్యంగా ఫోనులో నిమిషాల్లో ఇచ్చే లోన్ యాప్‌ల జోలికి పోవద్దు. ఫోనులోని పేర్లన్నిటికీ మెసేజీలు పెట్టి పరువు తీసిన ఆ యాప్‌ల వల్ల 2020లో మన తెలుగు బిడ్డలు ప్రాణాలు తీసుకున్నారు. ఎక్కువ వడ్డీ అప్పును తక్కువ వడ్డీకి మార్చుకోవడం మంచిదే. బీరువాలో నగ ఉంటే బ్యాంకులో పెట్టి మూడు రూపాయల వడ్డీ నోటు చించివేయండి. ఏడాదికి పది శాతం వడ్డీ అంటే నెలకు నూటికి రూపాయి లోపే. అయితే జాగ్రత్త! చేబదుళ్లన్నీ తీర్చడానికి ఇల్లు తాకట్టు పెడితే, రేపు కంతు తప్పితే పోయేది ఇల్లు. వాయిదాలు ఎక్కువ ఏళ్లకు సాగదీస్తే నెల కంతు తగ్గుతుంది గాని మొత్తం కట్టేది పెరుగుతుంది. అన్నిటికంటే ప్రమాదం, పాత అప్పులు ఒకచోటికి చేర్చి, చేయి ఖాళీ అయిందని మళ్లీ అప్పు చేయడం.

కట్టు కట్టడం అంటే అప్పిచ్చినవాళ్ల దగ్గరికి వాళ్లు రాకముందే మీరే వెళ్లడం. ఫోను ఆపేయకండి. ఊరు మార్చకండి. “అన్నా, నా లెక్క ఇది, నెలకు ఇంత ఇవ్వగలను” అని నోటుబుక్కు ముందు పెట్టండి. వడ్డీ ఆపి అసలు తీసుకునేవాళ్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువమంది ఉంటారు. కట్టిన ప్రతి రూపాయి నోటు వెనుక రాయించుకోండి, తీరాక నోటు తిరిగి తీసుకోండి. ఖాళీ నోటు మీద ఎన్నడూ సంతకం చేయవద్దు. బ్యాంకు అయితే ఒకేసారి ఇంత కట్టి ముగించుకునే ఏర్పాటు అడగవచ్చు, కాని కాగితం మీద తీసుకోండి. అలా ముగించిన అప్పు మీ సిబిల్ రికార్డులో “పూర్తిగా కట్టారు” అని కాక “సెటిల్ చేశారు” అని పడుతుంది, తరువాత అప్పు దొరకడం కష్టమవుతుంది.

మాట కుదరకపోతే లోక్ అదాలత్ ఉంది. అక్కడ ఇరువురూ ఒప్పుకున్న రాజీ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. ఇంతకుముందు కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసి అడగండి. వసూలుకు వచ్చేవాళ్లు బెదిరిస్తే భయపడవద్దు. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీల వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో ఆజ్ఞ ఇచ్చింది. ఇవన్నీ ప్రయత్నించాక కూడా దారి లేకపోతే, అప్పుడు ఒక మంచి వకీలును కలిసి ఐ.పి. సంగతి అడగండి. ఒక్క ఆస్తి కూడా దాచకుండా, జామీనుదారులకు ముందే చెప్పి, తల దించుకోకుండా వెళ్లండి.

ఇప్పుడు అప్పిచ్చినవారితో ఒక మాట. నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయంలో ప్రజలు కరవులో పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టి చివరకు బిడ్డలను దాసులుగా ఇచ్చుకున్నారు. నెహెమ్యా పెద్దలను నిలబెట్టి గద్దించాడు. పొలాలతో పాటు తీసుకున్న నూరవ భాగాన్ని కూడా తిరిగి ఇప్పించాడు. నూరవ భాగం అంటే మన లెక్కలో నూటికి రూపాయి! మన సంఘాల్లో ముందు వరుసలో కూర్చుని, కానుకలు ఇచ్చి, సోమవారం ఐదు రూపాయల వడ్డీ వసూలు చేసే పెద్దలున్నారు. అయ్యలారా, నెహెమ్యా మన గుడికి వస్తే ఎవరిని ముందు పిలుస్తాడు?

సంఘానికి కూడా ఒక మాట. ఆ విధవరాలికి నూనె దేవుడిచ్చాడు, పాత్రలు ఇచ్చింది ఇరుగుపొరుగు. మన బిడ్డల పెళ్లిళ్లకు ఎంత ఖర్చు పెట్టారో చూసి గౌరవించడం మానితే, అది ఒక ఖాళీ పాత్ర. అప్పులున్న ఇంటివారి లెక్క రాయడానికి ఒక బ్యాంకు ఉద్యోగి ఒక గంట ఇస్తే, అదొక పాత్ర. ఐ.పి. పెట్టిన ఇంటివారి పక్కన వచ్చి కూర్చోవడం ఇంకొక పాత్ర. 1993లో మా పక్కన కూర్చున్నవాళ్లు ఇద్దరే. వాళ్ల పేర్లు నేను ఈనాటికీ ప్రార్థనలో తలుచుకుంటాను.

ఒకవేళ ఇది చదువుతున్న మీరు, చచ్చిపోతే అందరికీ పీడ విరగడవుతుందని అనుకుంటున్నారా? నా మాట వినండి. చావు అప్పు తీర్చదు. మీ ఆస్తి ఏదైనా ఉంటే దాని మీద అప్పు నిలుస్తుంది, జామీనుదారు మీద నిలుస్తుంది, మీ పిల్లలకు మాత్రం మీరు ఉండరు. మీ ప్రాణం విలువ ఏ ప్రోనోటు మీదా రాసి లేదు. ఇప్పుడే ఎవరితోనైనా మాట్లాడండి. 14416కు ఫోను చేస్తే తెలుగులో, ఉచితంగా, ఏ వేళనైనా వింటారు. మీ పాస్టరు తలుపు తట్టండి.

మా నాయన సంగతి ముగిస్తాను. మగ్గాలు పోయాక ఆయన ఇతరుల మగ్గాల దగ్గర కూలికి నేశాడు. కూలి వచ్చిన శనివారం వంద రూపాయలు, కుదరకపోతే యాభై, తీసుకెళ్లి పూలవ్వకు ఇచ్చేవాడు. కోర్టు అడగలేదు, ఆమె అడగలేదు. మూడు వేలు తీరడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. ఆఖరి వంద ఇచ్చిన రోజు ఆమె రెండు మూరల మల్లెపూలు మా అమ్మకు పంపింది. ఆ రోజు నుండి నేను మళ్లీ బస్టాండు వీధిలో నడిచాను.

మామ ఎకరా మాత్రం మేము తిరిగి ఇవ్వలేకపోయాం. మామ తరువాత మా ఇంటికి వచ్చాడు, మా అన్నం తిన్నాడు, నాయన చేయి పట్టుకున్నాడు. 2011లో ప్రభువునందు నిద్రించాడు. ఆ తోపు మీదుగా బస్సు వెళ్లినప్పుడల్లా క్షమాపణకు వెల ఉంటుందని, దాన్ని క్షమించినవాడే చెల్లిస్తాడని నాకు గుర్తొస్తుంది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో మన తెలుగు బైబిలు ‘ఋణము’ అనే మాటనే వాడింది. మన పాపపత్రాన్ని ఆయన ఊరికే చించలేదు. సిలువ మీద తాను చెల్లించాడు.

ఆ తమ్ముడికి నేను చివరకు చెప్పిన జవాబు మీకూ చెబుతాను. “ఐ.పి. పెట్టడం పాపం కాదు తమ్ముడూ. దాచిపెట్టి పెట్టడం పాపం. నిన్ను నమ్మినవాళ్లను కాగితం మీది పేర్లుగా మార్చేసి మరచిపోవడం పాపం. ముందు నోటుబుక్కు తీసుకురా, ఇద్దరం కూర్చుని రాద్దాం.” మరుసటి వారం అతడు భార్యతో కలిసి వచ్చాడు. పదకొండు పేర్లు రాశాం. ఇంకా కడుతున్నాడు.

ప్రార్థన చేసుకుందాం. కృపగల తండ్రీ, ఈ దినము అప్పుల భారంతో కన్నీళ్లు దిగమింగుతున్న ప్రతి ఇంటిని జ్ఞాపకం చేసుకొనుము. దాచినదాన్ని విప్పి చెప్పే ధైర్యం, ఉన్నదాన్ని చూచుకొనే తెలివి, తీర్చే ఓపిక వారికి అనుగ్రహించుము. అప్పిచ్చినవారికి జాలి హృదయం దయచేయుము. మా సంఘాలను ఖాళీ పాత్రలు ఎరువిచ్చే ఇరుగుపొరుగుగా చేయుము. మా ఋణము చెల్లించిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.